ఘాట్ల ఊపిరాడని జీపు

ముందుగాల్నే ఒప్పుకుంట. నేను పెంచి చెప్పే మనిషిని. ఇంట్లకు ఒక బొద్దింక వస్తే, నేను చెప్పేటప్పటికి అది పిల్లి అంత అయితది, గడప మీద కూసొని మీసాలు గూడ దువ్వుకుంటది. నేను పది అంటే మా ఇంటామె రెండు అనుకుంటది. కరీంనగర్ల నా దోస్తులైతే నేను మాట్లాడుతుంటే చెయ్యి కిందికి కిందికి అంటుంటరు, టీవీ సౌండ్ తగ్గించమన్నట్టు. కాబట్టి ఇది చదివేటోళ్లు గూడ ఎవరికి తోచినంత వాళ్లు తగ్గించుకొని చదువుకోవాలె. ఎక్కడ ఎంత తగ్గించాల్నో మాత్రం ఇప్పుడే చెప్ప. చెప్తే మీకు భయం కాదు. నేను ఆ దినం పడ్డ భయంల మీకు జరంత అన్న పంచకుంటే ఈ రాసుడు ఎందుకు?

మొన్న ఆదివారం పొద్దుగాల ఇంటి ముంగట కారు బానెట్ లేపి నిలబడ్డ. ఇచ్చోడకు పోయేదున్నది. మా సుగుణత్త, అంటే మా బాపు చెల్లె, ఫోన్ చేసి మోకాళ్ల నొప్పులు గంటసేపు చెప్పి, ఒక్కసారి వచ్చి మొఖం చూపించి పొమ్మన్నది. దూరం పోవుడు గద, ఎయిర్ ఫిల్టర్ మారుద్దామనుకున్న. ఇంజన్ గూడ మన లెక్కనే గాలి పీలుస్తది. ఆ గాలిల దుమ్ము లోపలికి పోకుంట ఆపే కాయితపు జల్లెడ అది. షోరూమోళ్లు చేసే పనే, కాని ఫోన్ల వీడియోల ఒక పిలగాడు చాయ తాగుకుంట, అరటిపండు తొక్క తీసినంత అలకగ మార్చి చూపించిండు. వాడు చూపించిన కారుకు క్లిప్పులు రెండు, నా కారుకు నాలుగు. మొదటిది ఊడదీస్తుంటే టక్కుమన్నది. అది ఊడిన చప్పుడో, ఇరిగిన చప్పుడో తెలువక నా చేతులల్ల చెమట వట్టి, స్క్రూడ్రైవర్ చేప లెక్క జారింది.

"ఏందది, గుండె ఆపరేషనా?" అన్నది మా ఇంటామె వాకిట్ల ముగ్గు వేసుకుంట. "చుట్టాలకు ఫోన్లు చెయ్యాల్నా?"

క్లిప్పు ఇరగలే. డబ్బా మూత తీసి పాత ఫిల్టర్ ను బయటికి గుంజి మెట్టుకు కొడితే, దోసెడు దుమ్ము రాలింది. తెల్లగ, మెత్తగ, మొఖానికి రాసుకునే పౌడర్ లెక్క. ఆ వాసన ముక్కుకు తాకంగనే నేను కరీంనగర్ల లేను. చొప్పదండిల మా పాత ఇంట్ల, డీజిల్ వాసన వచ్చే బాపు తువ్వాల పక్కపొంటి నిలబడి ఉన్న.

ఆ ఇల్లు రోడ్డుకు ఆనుకొనే ఉండేది. పొద్దంత గ్రానైట్ లారీలు. ఒక్కో లారీ మీద ఒక్కో బండ మా ఇంటంత ఉండేది. చీకట్ల నిద్రమబ్బుల లేచి చూస్తే, మా ఇల్లే లేచి జగిత్యాల దిక్కు పోతున్నదా అనిపించేది. బండలు కోసే మిషన్లు మా వెనుకనే. ఆ రాతిపిండి గాలిల ఎగిరొచ్చి కూసోని జాగ లేదు. మా వాడల అందరం తెల్లటోళ్లమే, వాన పడ్డనాడే ఎవరి రంగు ఏందో బయటపడేది. మా బర్రెను చూసి ఒకాయన ఆవనుకొని బేరం చేసిండు, ఆయన మాట ఇచ్చినంక వాన పడ్డది. అన్నం నమిలితే కరకర, పప్పు నమిలితే కరకర, ఏం తిననప్పుడు గూడ ఊకె పండ్లు కదిలిస్తే కరకర.

ఈ దుమ్ము మీద మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ఒక్కతే యుద్ధం చేసింది. ఆమె దగ్గరున్న హత్యార్ ఒక్కటే, బట్టముక్క. పాత చీరను బారెడు బారెడు చింపి, నాలుగు మడతలు పెట్టి, నీళ్లు చిలకరించి, ఇంట్ల మూతి ఉన్న ప్రతి వస్తువుకు కట్టేది. నీళ్ల కుండకు బట్ట, నల్లాకు బట్ట, పాలగిన్నెకు బట్ట, తొక్కు జాడికి బట్ట, పాటలొచ్చే రేడియోకు గూడ బట్ట. "పొడిబట్ట అయితే దుమ్ము దులిపేసుకొని లోపలికి పోతది బిడ్డా, తడిపితే ఆడ్నే పట్టుకుంటది" అని నాకు చెప్పేది. మా తాత మంచంల నోరు తెరుచుకొని గురక పెడ్తుంటే, అవ్వ చేతిల బట్టముక్క పట్టుకొని ఆయన దిక్కు ఆలోచనగ చూసుడు నేను నా కండ్లతోటి చూసిన. పొద్దుగూకేటప్పుడు ఆ బట్టలన్ని ఇప్పి, పిండి, దండెం మీద ఆరేసేది. పొయ్యి మీద పాలు కాగే వాసన, ఆరే తడిబట్టల వాసన, రెండు కల్సి వచ్చేది. ఆ వాసన వచ్చిందంటే దినం ఒడిసినట్టు.

బాపుది వేరే కథ. ఆయన ఫికర్ చేసుడు కోసమే పుట్టిన మనిషి. వాన రాకుంటే వరి ఎండుతదని ఫికర్, వస్తే మునుగుతదని ఫికర్, అన్ని సక్కగుంటే ఏదో మర్చిపోయిన్నని ఫికర్. ఎరువు బస్తాలకు, చుట్టాలకు పనికొస్తదని ఒక పాత డీజిల్ జీపు కొన్నడు. దానితోటి ఆయన ఫికర్లకు నాలుగు చక్రాలు వచ్చినయి. బయలెల్లే ముందు బానెట్ మీద చెవి ఆనించి కండ్లు మూసుకొని వినేటోడు, గొట్టం లేని డాక్టర్ లెక్క. నాలుగు టైర్లను కట్టెతోటి కొట్టి, ఏ టైర్ ఏం జవాబు చెప్పిందో మనసుల పెట్టుకునేటోడు. ఊరు దాటినంక ఇంటికి తాళమేసిన్నా లేదా అని వెనుకకు మళ్లేటోడు. అవ్వ ఇంట్లనే ఉన్నదని యాదికొచ్చేది తలుపు దగ్గరకు వచ్చినంకనే.

గంత ఫికర్ మనిషికి ఒక్కనాడు జీపు నిజంగనే మోసం చేసింది. సుగుణత్తకు పెండ్లైన చాన ఏండ్లకు కొడుకు పుట్టిండు. ఇచ్చోడల తొట్టెల పండుగ. మేనమామ కొత్త బట్టలు తెచ్చి, పిల్లగాన్ని తన చేతులతోటి తొట్టెల్ల పండవెట్టాలె. బాపు బట్టలు కొన్నడు, వెండి మొలతాడు కొన్నడు, పొద్దుగాల్నే బయలెల్లిండు. నడిమిట్ల జీపు ఆగిపోయింది. ఆయన ఇచ్చోడ చేరేటప్పటికి తెల్లారింది. తొట్టెల్ల పిల్లగాన్ని ఎవరో పక్కింటాయన పండవెట్టిండు. అత్త బాపుకు అన్నం పెట్టింది, మాట మాత్రం పెట్టలే. ఆయన లేచి పోయేటప్పుడు గోడతోటి చెప్పినట్టు చెప్పింది: "జీపు ఖరాబైందట! ఖరాబైంది జీపు కాదు."

అప్పట్నుంచి మాటల్లేవు. పండుగలు పోయినయి, పెండ్లిళ్లు పోయినయి. బాపు ఆ జీపును అమ్మలే, ఇంకింత బాగు చేయించుకుంటనే పోయిండు, ఎవరికో నిరూపించాలన్నట్టు. పిల్లగానికి అక్షరాలు దిద్దించే ఈడొచ్చినంక, ఇచ్చోడ నుంచి పత్తి అమ్ముకునేటందుకు వచ్చిన చుట్టమొకాయనతోటి అత్త కబురు పంపింది. "ఎల్లుండి బాసరల అక్షరాభ్యాసం. అన్న వస్తే రేపు పొద్దుగూకే లోపల రమ్మను, ఆయన బండిలనే పోతం. రాకుంటే ఆఖరి బస్సున్నది, మేం బస్సెక్కుతం. మల్ల ఎన్నడు పిలువ."

ఆ మాట విన్నప్పట్నుంచి బాపు కూసోలే. జీపు చుట్టు తిరిగి తిరిగి వాకిట్ల నేల గుంతవడ్డది. తెల్లారి పొద్దుగాల్నే కొత్త ఎయిర్ ఫిల్టర్ పెట్టాలన్నడు. ఎప్పుడు ఆయనే మార్చుకునేటోడు, కాని ఆ దినం ఆయన వేళ్లు నట్టు మీద నిలుస్తలేవు. నేను ఇంటర్ అయిపోయి, జీపు నడుపుడు నేర్చుకొని, లోకంల నాకు రాని పని లేదన్న తీరుగ తిరుగుతున్న రోజులవి. "నువ్వు చెయ్యి రా, నేను చూస్త" అన్నడు. మూత మీదున్న చెవుల నట్టు తిప్పితీసిన. రాతిపిండి పట్టి పాత ఫిల్టర్ సిమెంట్ ఇటుక అయింది. కొత్తది గుండ్రంగ, నడిమిట్ల బొక్క, చుట్టు లంగా కుచ్చులసొంటి కాయితపు మడతలు. డబ్బల కూసుండవెట్టిన. గంతలనే బాపు వెనుకనుంచి "అరేయ్, స్టెప్నీల గాలున్నదా చూడు" అని కేక వేసిండు. నేను పోయి చూసి వచ్చేటప్పటికి మూత పెట్టి ఉన్నది.

"మూత నేను పెట్టిన, నువ్వు బిగించు" అన్నది అవ్వ.

నేను నట్టు బిగించిన. గట్టిగ.

బాపు, అవ్వ, నేను బయలెల్లినం. జగిత్యాల దాక జీపు బాగనే ఉరికింది. తర్వాత జర నిదానమైంది. బాపు నా దిక్కు చూసిండు, నేను రోడ్డు దిక్కు చూసిన. నిర్మల్ కు వచ్చేటప్పటికి వెనుక నల్లపొగ. అసలు సంగతి నిర్మల్ దాటినంక మొదలైంది. ఇచ్చోడ పోవాల్నంటే ఘాట్ ఎక్కాలె. రెండు దిక్కుల టేకు చెట్లు, నడిమిట్ల మెలికలు తిరిగే రోడ్డు, కింద లోయ. జీపు మొదటి మెలిక మీద దగ్గింది. రెండో మెలిక మీద దమ్ము వచ్చిన ముసలాయన లెక్క ఆగి ఆగి ఊపిరి తీసింది. బాపు గేరు దించిండు, ఇంక దించిండు, దించుటానికి గేరు లేకుంట అయింది. లోడుతోటి పోయే లారీ మమ్ముల దాటింది. గడ్డిబండి దాటింది. సైకిల్ తోసుకుంట నడిచే ఒకాయన దాటిపోయి, వెనుకకు తిరిగి చూసి, "నూకాల్నా పటేలా?" అని అడిగిండు. కోతులైతే ముంగట రోడ్డు మీద కూసొని పేన్లు చూసుకుంట, మా జీపు దగ్గరకు వచ్చేదాక లేవలే. ఎందుకు లేస్తయి, తొందరేమున్నది?

పొద్దు చెట్ల మీదికి దిగింది. బాపు మొఖంల రక్తం లేదు.

"నువ్వేం ముట్టినవ్ రా?"

"ఫిల్టర్ మార్చిన బాపూ. నువ్వే మార్చుమంటివి."

"ఇంకేం ముట్టినవ్?"

"స్టెప్నీ."

"స్టెప్నీతోటి బండి ఆగుతదా? తలకిందులు పెట్టినవా ఏంది దాన్ని?"

తలకిందులు పెట్టిన్నా? దానికి తల ఏది, కింద ఏది? ఆ గుండ్రటి గారెను నేను ఎట్ల పెట్టిన్నో ఎంత యాది చేసుకున్న యాదికి రాలే. ఇగ మా అత్త బస్సెక్కుతది, బాపు ఏండ్లకేండ్లు గోడ దిక్కు చూసుకుంట కూసుంటడు, అంతా ఒక్క చెవుల నట్టు దగ్గర మొదలైందని చుట్టాలందరు చెప్పుకుంటరు. నా పెండ్లి పత్రికల గూడ "ఫిల్టర్ తలకిందులు పెట్టిన చిరంజీవి" అని అచ్చువేస్తరు. గట్ల ఆలోచిస్తుంటే జీపు ఆఖరి దగ్గు దగ్గి ఆగింది.

"ఎవరి కన్నో తాకింది" అన్నది అవ్వ వెనుకనుంచి. "కొబ్బరికాయ కొట్టకుంటనే ఎల్లినం, చెప్తే వినరు."

బాపు దిగి డీజిల్ పైపు చూసిండు, బ్యాటరీ చూసిండు, ఆకాశం గూడ చూసిండు. చూడనిది ఒక్క ఫిల్టరే. అది కొత్తది గద, కొత్తదానికి ఏం రోగం? ఆఖరికి భయానికి ఆగలేక నేనే చెవుల నట్టు తిప్పి మూత లేపిన. లోపల ఫిల్టర్ కనిపిస్తలేదు. చుట్టూర నాలుగు మడతల బట్ట చుట్టి, దారంతోటి రెండు ముళ్లు వేసి ఉన్నది. తడిపి కట్టిన బట్ట. దాని మీద మా వాడ రాతిపిండి, దారిపొంటి మట్టి పట్టి, ఎండి, గోడకు చేసిన గిలాబు లెక్క గట్టివడ్డది. గోరుతోటి కొడితే టంగుమన్నది.

బాపు ఆ బట్టను చూసిండు. అవ్వను చూసిండు.

"నేనే కట్టిన" అన్నది అవ్వ. "కొత్తది గద, మాపైతదని."

"ఊపిరి తీసే ముక్కుకు బట్ట కడ్తవా?"

"నీళ్ల కుండకు కట్టలేనా? నీళ్లు రాకుంట పోయినయా?"

బాపు పోయి రోడ్డు పక్కన మోరీ గోడ మీద కూసున్నడు, నవ్వొస్తున్నదో ఏడుపొస్తున్నదో తెలువకుంట చేతులతోటి మొఖం మూసుకున్నడు. నేను దారం తెంపి బట్ట గుంజేసిన. ఒక్క సెల్ఫ్ కే జీపు గొంతు తెరిచింది. నీళ్ల మునిగి తేలిన మనిషి తీసినంత ఊపిరి తీసి, కోతులన్ని చెట్లెక్కేటట్టు గర్జించింది. బట్టను లోయల పారేయబోతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకున్నది: "పారెయ్యకు, ఉతికితే మల్ల పనికొస్తది." మడిచి ఒళ్లె పెట్టుకున్నది.

మిగిలిన ఘాట్ ఎట్ల ఎక్కినమో నాకు తెలువది. బాపు స్టీరింగ్ మీద వంగి, పొద్దుతోటి పందెం కట్టినట్టు నడిపిండు. ఇచ్చోడల అత్త ఇంటి ముంగటికి పోయేటప్పటికి పొద్దుగూకింది. వాకిట్ల సంచులు సర్ది ఉన్నయి. మామ భుజం మీద పిల్లగాడు. అత్త తలుపుకు తాళం తగిలిచ్చింది, చెవి ఇంక తిప్పలే, తిప్పబోతున్నది.

జీపు చప్పుడుకు ఆమె తిరిగి చూసింది. చెయ్యి తాళం మీదనే ఉన్నది.

"జీపు ఖరాబైందా అన్నా?" అన్నది. ఆ గొంతుల చక్కెర చాన ఉన్నది, చక్కెర కింద ఏమున్నదో అందరికి ఎరికే.

ఒక్క మాటన్న తప్పువడితే ఆ తాళం పడ్తదని బాపుకు తెల్సు. చెప్పేది ఏమున్నది, చెప్తే నమ్మేటట్టున్నదా? గిరగిర తిరిగి, అవ్వ ఒళ్లెనుంచి ఆ బట్టముక్కను గుంజి, అత్త ముంగట పట్టిండు. "ఇగో, గిది. మీ వదినె కట్టింది. ఫిల్టర్ కు. దుమ్ము పోవద్దని. ఒట్టు."

"బరే" అన్నడు మామ, ఏం అర్థం కాక, 'సరే' అన్నట్టు, ఆయనకు అలవాటైన మరాఠీ మాట.

అత్త ఆ ముక్కను చేతులకు తీసుకొని వేలితోటి రాసింది. రాతిపిండి రాలి లోపల నీలం రంగు, పసుపుపచ్చ గళ్లు కనిపించినయి. "వదినా" అన్నది నిదానంగ, "ఇది నేను పెట్టిన చీర గద."

అత్త పెండ్లికి ముందు, మా ఇంట్ల ఉన్నప్పుడు, బీడీలు చేసిన పైసలతోటి అవ్వకు కొనిచ్చిన చీరట అది. ఆ సంగతి నాకు అప్పుడే తెల్సింది, ఘాట్ల గూడ లేనంత భయం పుట్టింది. ఆడిబిడ్డ పెట్టిన చీరను చింపి జీపు ముక్కుకు కట్టినమా? ఇగ తాళం కాదు, గొడ్డలే తెస్తది అనుకున్న. అవ్వ జీపు దిగకుంటనే ముడుచుకపోయింది.

"చినిగేదాక కట్టిన సుగుణా" అన్నది. "మాటల్లేని రోజులల్ల గూడ అదే కట్టిన. చినిగినంక పారెయ్య బుద్ధి గాలే. కొత్త ఫిల్టర్ కు మాసినది ఎందుకు, మెత్తటిదే కడ్దామని..."

అప్పుడు మా అత్త నవ్వింది. ఆ నవ్వుకు మామ భుజం మీద పిల్లగాడు లేచి ఏడ్చిండు, హైవే మీద పోయే ఆఖరి బస్సు ఎందుకైన మంచిదని ఆగింది, పక్కిండ్లోళ్లు దీపాలు పట్టుకొని ఉరికొచ్చిండ్రు. తెల్లారి మేం బాసర పోయినం. పిల్లగాన్ని బాపు ఒళ్లె కూసుండవెట్టుకొని, వాని వేలు పట్టుకొని బియ్యంల అక్షరం దిద్దించిండు. వాడిప్పుడు ఆదిలాబాద్ల మాస్టర్, బోర్డు మీద ఇంక వంకరగనే రాస్తడు. బాపు చెయ్యి ఆ దినం వణికిందని నేనంట.

మొన్న నా కారు ఫిల్టర్ మార్చుడు ఒడిసినంక, మూత బిగించి, మల్ల తీసి, లోపల చూసి, మల్ల బిగించిన. నాలుగు క్లిప్పులు సక్కగనే పడ్డయి. ఇప్పుడు బండి దారిల ఆగిందనుకో, ఫోటో తీసి పంపుతం, ఎక్కడున్నమో ఫోన్ల మ్యాప్ చూపిస్తది, అవతలోళ్లు నమ్మక ఏం చేస్తరు. బాపు కాలంల బండి ఆగిందంటే నమ్మాల్నా వద్దా అన్నది బండి చేతిల లేకుండె, ఆ చెప్పే మనిషి మీద ఉన్న మనసు చేతిల ఉండె. అందుకే గంత ఫికర్. ఆయన టైర్లు కొట్టి చూసింది గాలి కోసం కాదని ఇప్పుడు అర్థమైతున్నది. నా కొడుకుకు ఈ ఫికర్ ఒక్క చుక్క లేదు. మంచిదే. కాని ఒక్కోసారి వాడు "రాలేకపోతున్న" అని మెసేజ్ పెట్టి, ఆగిన బండి ఫోటో ఒకటి జోడించి, పండుకుంటడు. అవతలోళ్లు బొటనవేలు బొమ్మ పంపి పండుకుంటరు. ఎవరికి ఏం కాదు.

సరే, ఇగ లెక్క చెప్పాలె. బర్రె కథ సగం నిజం. కోతులు లేచినయి, జర ఆలస్యంగ. పెండ్లి పత్రికల గట్లేం అచ్చువెయ్యలే. ఇవన్ని మీరు తగ్గించుకునే ఉంటరు, వాటికి నేను మాఫీ అడుగుడు అక్కర్లేదు. పూర్తిగ అల్లింది ఒక్కటే. సుగుణత్త నవ్వలే. బస్సు ఆగలే, ఎవరు ఉరికిరాలే, పిల్లగాడు నిద్రల్నే ఉన్నడు. ఆ చోట ఏం రాయాల్నో తెలువక నవ్వు పెట్టిన, నాకు చేతనైన పని అదొక్కటే గద.

అయ్యిందేందంటే, ఆమె తాళం తీసి, ఆ బట్టముక్కను పట్టుకొని, ఎవరి దిక్కు చూడకుంట వెనుక వాకిట్లకు పోయింది. మేం సంచుల పక్కపొంటి నిలబడ్డం, కూసోమన్న మాట గూడ లేదు. వెనుకనుంచి నీళ్లు గుమ్మరిచ్చిన చప్పుడు, సబ్బు రుద్దిన చప్పుడు, మల్ల నీళ్లు, మల్ల సబ్బు. తెల్ల నీళ్లు పోయి మామూలు నీళ్లు వచ్చేదాక ఉతికినట్టుంది. పిండి, దులిపి, దండెం మీద రెండు కొసలు సక్కగ గుంజి ఆరేసి వచ్చింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంట జీపు దగ్గరకు పోయి, దిగకుంట కూసున్న అవ్వను అడిగింది.

"వదినా, అన్న జొన్నరొట్టె తింటడా, అన్నం వండాల్నా?"